ఎర్ర రిబ్బను కట్టిన పిన్ను

ఇంతవరకు నన్ను మోసుకొచ్చిన దేవునికి స్తోత్రం. పరుగెత్తే చక్రానికీ ఆగే చక్రానికీ యజమానుడైనవానికి మహిమ కలుగును గాక. నా నోటితో నేను చెప్పుకున్న గొప్పలను మన్నించి, ఈ వయసులో నిజం రాయడానికి నాకు చేయి ఇచ్చాడు. ఆయన పేరట మొదలుపెడుతున్నాను.

షారోన్ అడిగినందుకు ఇది రాస్తున్నాను. ఆక్లాండ్‌లోని మా తెలుగు సంఘంలో అమ్మాయి. గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇప్పుడు ఇంజనీరుగా పనిచేస్తూ ఫ్లాట్ బుష్ అనే పేటలో ఉంటోంది. పోయిన నెల ఆరాధన అయ్యాక అందరం టీ తాగుతుంటే నా పక్కకు వచ్చింది.

“అంకుల్, నన్ను ఒక డ్రాగ్ రేసింగ్ టీమ్‌లో తీసుకున్నారు. వీకెండ్స్ మాత్రమే. మీరు కూడా అప్పట్లో చేసేవారట కదా?”

“నీకేం పని ఇచ్చారు?”

“పెద్దదేం కాదంకుల్. డ్రైవర్‌కి బెల్టులు కట్టడం, పారాచూట్ చెక్ చేయడం. బిగినర్స్ జాబ్.”

నా కప్పు బల్ల మీద పెట్టేశాను. “అది చిన్న పని కాదమ్మా” అన్నాను.

“అయితే రాసిపెట్టండి. నోటితో చెబితే మీరు సాక్ష్యం చెప్పినట్టు రెండు గంటలు చెబుతారు” అని నవ్వింది.

నవ్వుతూ అన్నా నిజమే అంది. కాబట్టి రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను దాచిన ఒక నిజం వల్ల ఒక స్త్రీ ఏడు నెలల పాటు తనది కాని నిందను మోసింది. ఆమె పేరు మోరీన్. నలభై ఏళ్ళకు పైగా గడిచాక, మొన్న ఆమె దగ్గర నుంచి నాకొక కవరు వచ్చింది. అందులో ఆమె అడిగినదానికి ఇంకా జవాబివ్వలేదు. రాస్తూ పోతే జవాబు తేలుతుందని నా ఆశ.

పని అంటే ఏమిటి

తెలియనివారి కోసం చెబుతాను. డ్రాగ్ రేసు అంటే రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పావు మైలు తిన్నని దారిలో ఎవరు ముందు చేరతారో చూసుకోవడం. అంతే. మలుపు లేదు, మధ్యలో బ్రేకు వేసే పని లేదు. దీపాల స్తంభం మీద పసుపు దీపాలు వెలిగి, పచ్చది వెలగగానే వెళ్ళిపోవాలి. ఆ స్తంభాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. మొదటిసారి ఆ పేరు విన్నప్పుడు, ఈ దేశంలో రేసుల్లో కూడా ప్రభువు జన్మదినం చేస్తారు కాబోలు అనుకున్నాను.

మా కారు డ్రాగ్‌స్టర్. కారు అనడానికి కూడా లేదు, పొడవాటి గొట్టాల నిచ్చెన. ముందు సైకిలు చక్రాల వంటి రెండు చక్రాలు, వెనుక పీపాల్లాంటి రెండు టైర్లు, డ్రైవరు వీపు వెనకాలే ఇంజను. పావు మైలుకు ఏడు సెకన్లు కూడా పట్టేది కాదు. ఆ వేగాన్ని బ్రేకులు ఆపలేవు. తోకలో మడిచి పెట్టిన పారాచూట్ ఆపుతుంది. డ్రైవరు మీట లాగితే అది విచ్చుకుంటుంది. కారును తోస్తూ, లాగుతూ తిప్పేటప్పుడు పొరపాటున విచ్చుకోకుండా దాని సంచికి ఒక పిన్ను గుచ్చి ఉంచేవాళ్ళం. పిన్నుకు ఎర్ర రిబ్బను. పరుగుకు ముందు ఆ పిన్ను తీయాలి.

షారోన్, నీకు ఇచ్చిన పని అదే. నాకు ఇచ్చిన పనీ అదే.

రాస్

విశాఖపట్నంలో రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా నేర్చుకుని నేను న్యూజీలాండ్ వచ్చాను. ఆ రోజుల్లో ఆక్లాండ్‌లో తెలుగు వినాలంటే అద్దం ముందు నిలబడి మనమే మాట్లాడుకోవాలి. న్యూ లిన్‌లో ఇంజన్లు విప్పి బాగుచేసే షాపు ఒకటి ఉండేది. దాని యజమాని రాస్. నా సర్టిఫికెట్లు తీసి చూపబోతే చేతితో పక్కకు నెట్టి, ఒక బేరింగు నా అరచేతిలో పెట్టాడు.

“దీనికేమైంది?”

బేరింగు మెత్తటి లోహం మీద వేలు నడిపాను. ఒక అంచు నల్లబడి ఉంది. “నూనె ఆలస్యంగా అందింది” అన్నాను.

“సోమవారం రా.”

రాస్ డ్రాగ్‌స్టర్ నడిపేవాడు. అప్పటిదాకా ఆ రేసులు సరదా మనుషులవి. అప్పుడప్పుడే రేసు పెట్టేవాళ్ళు కొన్ని కార్లను పిలిపించి, పోస్టర్ల మీద పేరు వేసి, వచ్చినందుకు డబ్బిచ్చే కాలం మొదలైంది. రాస్ పేరు పోస్టరెక్కింది. వారమంతా షాపు, వారాంతం ట్రక్కు వెనుక కారు. నాలుగు సీజన్లు ఆయనతో ఉత్తర దీవి అంతా తిరిగాను.

మూడో మనిషి మోరీన్, రాస్ భార్య. పారాచూట్ మడిచే పని ఆమెది. ఇంట్లో సోఫాలు గోడకు జరిపి, హాలు తివాచీ మీద గుడ్డ పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క మడత వేసేది. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. రేడియో కూడా కట్టేసేది. నేను ప్రార్థనలో మోకరించిన తీరుకంటే ఆమె ఆ గుడ్డ ముందు మోకరించిన తీరులో శ్రద్ధ ఎక్కువ ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రాస్ మంచి యజమానా అని నన్ను అడిగితే, నోరు చెడ్డది, చెయ్యి మంచిది అంటాను. తప్పు చేస్తే పదిమందిలో తిట్టేవాడు. కానీ తానే తప్పు చేస్తే అదే పదిమందిలో చెప్పేవాడు. ఆ రెండోది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

తల ఊపడం

మొదటి సీజనులో నా వల్ల ఒక రేసు పోయింది. పరుగుకు ముందు డ్రైవరు టైర్లను నీళ్ళలో తిప్పి, పొగ వచ్చేదాకా వేడి చేసి ముందుకు పోతాడు. తరువాత వెనక్కి రావాలి. వెనక ఏముందో అతనికి కనబడదు. ముందు నిలబడ్డ నేను సైగలు చేసి, తన టైర్లు వేసిన రబ్బరు చారల మీదికే వెనక్కి రప్పించాలి. ఆ మోతలో మాట పనిచేయదు.

రాస్ వెనక్కి వస్తూ ‘సరిగ్గానే ఉన్నానా?’ అన్నట్టు నా వైపు చూశాడు. సరిగ్గానే ఉన్నాడు. నేను మన పద్ధతిలో తల అటూ ఇటూ ఊపాను. ఆయన ఆగిపోయాడు. నేను ఇంకా గట్టిగా ఊపాను. ఆయన ఇంజను ఆపేశాడు. పక్క కారు ఒంటరిగా వెళ్ళి గెలిచింది.

హెల్మెట్ తీసి అరిచాడు. “తల అలా ఊపితే అవునా, కాదా?”

“అవును.”

“అది అవునైతే, నీ కాదు ఎలా ఉంటుంది?”

చూపించాను. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. మోరీన్ మాత్రం నవ్వు ఆపుకుని, “ఇక నుంచి డాన్ తల వైపు ఎవరూ చూడొద్దు” అంది. నా పేరు దానియేలు. వాళ్ళు డాన్ అనేవారు.

ఆ రోజు రాస్ ఒక నియమం పెట్టాడు. “నీ తల నాకొద్దు. ఇంజను వేయడానికి ముందు పిన్ను తీసి, చెయ్యి ఎత్తి నాకు చూపించు. ఎర్ర రిబ్బను చూస్తేనే నేను స్టార్ట్ చేస్తాను.” అది మా ఇద్దరి భాష అయింది. బెల్టులు బిగించడం, పిన్ను తీయడం, చెయ్యెత్తి చూపడం. బదులుగా రాస్ కారు పక్క రేకు మీద పిడికిలితో మూడుసార్లు తట్టేవాడు.

నా ప్రార్థన

రేసులు ఆదివారం. దీని గురించి నన్ను చాలామంది అడిగారు. తెల్లవారుజామున ట్రక్కులో వాక్యం చదువుకుని, సాయంత్రపు ఆరాధనకు గ్రీజు గోళ్ళతో వెళ్ళేవాణ్ణి. అది సరైనదని వాదించను. అప్పట్లో నేను చేసిన ఏర్పాటు అది.

పిన్ను చూపించాక, రాస్ హెల్మెట్ మీద చెయ్యి పెట్టి తెలుగులో ప్రార్థన చేసేవాణ్ణి. రెండు వాక్యాలు. “ప్రభువా, వెళ్ళనియ్యి. తిరిగి రానియ్యి.” రాస్‌కు నమ్మకం లేదు. “మీ దేవుడికి ఇంజెక్టర్లు శుభ్రం చేయడం వచ్చేమో కనుక్కో” అని వేళాకోళం చేసేవాడు. కానీ ఒకసారి నేను మరిచిపోతే, మూడుసార్లు తట్టకుండా అలాగే కూర్చున్నాడు. ప్రార్థన చేశాకే తట్టాడు.

ఆ మాట నలుగురికీ పాకింది. ‘ప్రార్థన చేసే ఇండియన్’ అనేవారు. నాకు నచ్చింది. నచ్చడమే కాదు, సంఘంలో సాక్ష్యంగా చెప్పుకునేవాణ్ణి. మనుషులకు కనబడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవారి గురించి ప్రభువు ఏమన్నాడో చిన్నప్పుడే కంఠస్థం చేసినవాణ్ణి. కంఠస్థం వేరు.

ఫొటో

నాలుగో సీజను చివరి రేసు, వైకాటో నది వైపు ఉన్న స్ట్రిప్పు, అంటే రేసు దారి. పొద్దున పొగమంచు వల్ల ఆలస్యమై, అంతా తొందరలో ఉన్నారు. ఫైనల్లో రాస్ ఉన్నాడు. ఒక పత్రిక ఫొటోగ్రాఫరు నా కోసమే వచ్చాడు. ప్రార్థన చేసేటప్పుడు తీస్తానన్నాడు.

బెల్టులు బిగించాను. తరువాత పిన్ను. కానీ కెమెరా అప్పటికే సిద్ధంగా ఉంది, వెలుతురు బాగుందంటున్నాడు. సరే, ముందు ప్రార్థన, ఆ తరువాత పిన్ను అనుకున్నాను. రాస్ హెల్మెట్ మీద ఎడమ చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, కుడి చెయ్యి ఆకాశానికి ఎత్తాను. ఆ రోజు రెండు వాక్యాలతో ఆగలేదు. ఎర్ర సముద్రం దగ్గర మొదలుపెట్టి సింహాల గుహ దాకా వచ్చాను. షట్టరు చప్పుడు వినబడిన ప్రతిసారీ ఇంకొక వాక్యం.

హెల్మెట్ లోపలి నుంచి రాస్‌కు కనబడింది ఎత్తిన నా చెయ్యి. మా భాషలో దాని అర్థం ఒకటే. మూడుసార్లు తట్టాడు. ఇంజను గర్జించింది. నేను కళ్ళు తెరిచేసరికి రేసు మొదలుపెట్టించే స్టార్టరు ముందుకు రమ్మని సైగ చేస్తున్నాడు. నేను ముందుకు పరుగెత్తాను, సైగలు చేశాను, రాస్‌ను చారల మీదికి చక్కగా రప్పించాను. ముందు నిలబడ్డవాడికి తోక కనబడదు. నా మనసులో పిన్ను లేదు. ఫొటో ఉంది.

పచ్చ దీపం. రాస్ గెలిచాడు. గెలిచాడని లౌడ్‌స్పీకరులో విని చేతులెత్తి గంతేశాను. దారి చివర తెల్లటి గుడ్డ విచ్చుకోవాలి. విచ్చుకోలేదు. అప్పుడు నా చేతిలోకి చూసుకున్నాను.

కారు దారి చివర అడ్డంగా పోసిన ఇసుక దాటి, కంచె దాటి, పొలం కాలువలో పడింది. నేను ట్రక్కులో వెళ్ళేసరికి అంబులెన్సు వాళ్ళు రాస్ చుట్టూ ఉన్నారు. ఆయన అరుస్తున్నాడు. బతికే ఉన్నాడు. షారోన్, ఇక్కడ జాగ్రత్తగా చదువు. నేను ఆయన దగ్గరికి పోలేదు. ముందు తోక దగ్గరికి పోయాను. రిబ్బను బురదలో వేలాడుతోంది. పిన్ను లాగి జేబులో వేసుకున్నాను. ఆ తరువాతే రాస్ దగ్గరికి వెళ్ళాను.

ఏడు నెలలు

రాస్ తుంటి ఎముక, ఎడమ కాలు విరిగాయి. మళ్ళీ ఎప్పుడూ రేసు నడపలేదు. కారు చూసిన అధికారులు మీట లాగి ఉంది, తీగ బాగుంది, సంచి మాత్రం తెరుచుకోలేదు, గుడ్డ బిగించి మడిచి ఉంటారు అన్నారు. అంటే మోరీన్.

ఆమె ఆ మాట నమ్మింది. ఆసుపత్రిలో రాస్ మంచం పక్కన కూర్చుని, తన చేతులు తానే చూసుకునేది. నేను పళ్ళు తీసుకెళ్ళేవాణ్ణి. ‘మీ తప్పు కాదు, ఎవరికైనా జరుగుతుంది’ అని ఓదార్చాను కూడా.

సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం వరసలో చేతులు మారుతూ వచ్చేది. నేను తీసుకోకుండా పక్కవారికి ఇచ్చేవాణ్ణి. ఏడు నెలలు. అప్పటి పాస్టరుగారు ముసలి కీవీ, అంటే ఈ దేశంవాడే, తక్కువ మాటల మనిషి. ఒక ఆదివారం గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

“డానియల్, పళ్ళెం నీ ముందు నుంచి ఏడుసార్లు వెళ్ళింది.”

“నాకు ఆకలి లేదు, సార్.”

“అబద్ధం. అందరికంటే నీకే ఎక్కువ ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళాలో నీకు తెలిసినట్టుంది. నా దగ్గరికి మాత్రం కాదు.”

గదికి పోయి దాచినవి తీసుకుని, నేరుగా రాస్ ఇంటికి వెళ్ళాను. మోరీన్ వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది. రాస్ చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద పిన్ను పెట్టాను. పత్రికలో వచ్చిన ఫొటో పక్కన పెట్టాను. అందులో నేను కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, పరిశుద్ధుడిలా ఉన్నాను. నా మోచేతి వెనుక, కారు తోకలో, ఒక సన్నని గీత. తెలిసినవారికే అది రిబ్బను.

“నేను తీయలేదు” అన్నాను. “తరువాత తీసి దాచాను. మోరీన్ మడత బాగానే ఉంది.”

మోరీన్ లేచి, హాల్లోని అలమర తెరిచింది. పారాచూట్ తీసుకొచ్చి నా ఒళ్ళో పడేసింది. మడతల దగ్గర గుడ్డ అరిగి పలచబడిపోయింది.

“ప్రతి మంగళవారం” అంది. “ప్రతి మంగళవారం దీన్ని విప్పి, మళ్ళీ మడిచాను. ఎక్కడ తప్పు చేశానో కనిపెడదామని. ఏడు నెలలు, డాన్.”

బల్ల మీది పిన్ను తీసుకుని ఏప్రన్ జేబులో వేసుకుంది. “ఇది నా దగ్గరుంటుంది.”

రాస్ నా వైపు చూడలేదు. “సోమవారం షాపుకు రా. పని ఉంది. కానీ నా కారు మీద ఇక చెయ్యి వేయొద్దు.”

ఆ తరువాత

ఆయన షాపులో ఇంకా ముప్పై ఏళ్ళు పనిచేసి, అక్కడే రిటైరయ్యేదాకా ఇంజన్లు విప్పాను. వాటి గురించి రాయను, ఇంజన్లన్నీ ఒకేలా పాడవుతాయి. రాస్ నన్ను ఎన్నడూ పరాయివాడిగా చూడలేదు, మళ్ళీ ఎన్నడూ కారు మాట ఎత్తలేదు. దాన్ని టార్పాలిన్ కప్పి షెడ్డులో పెట్టాడు. పదిమందిలో నన్ను తిట్టే మనిషి, ఈ విషయం పదిమందికి చెప్పలేదు. మోరీన్ తప్పు కాదని మాత్రం రేసు క్లబ్బు వాళ్ళకు తానే వెళ్ళి చెప్పాడు. “ఎవరి తప్పు?” అని అడిగితే, “మా టీమ్‌ది” అన్నాడట.

నేను మళ్ళీ ఎన్నడూ స్ట్రిప్పుకు వెళ్ళలేదు. కానీ మన దుకాణాలున్న శాండ్రింగ్‌హామ్‌లో సరుకులు కొంటున్నప్పుడు ఏ కుర్రవాడైనా కారు ఇంజను గట్టిగా మోగిస్తే, చేతిలో చింతపండు పొట్లంతో అలాగే నిలబడిపోతాను. రేసుల్లో ఆ ఇంధనం వాసనకు కళ్ళు మండి నీళ్ళు కారేవి. ఆ నీళ్ళు కావాలి నాకు. భూమి అదిరి మోకాళ్ళలోకి పాకే మోత కావాలి. అన్నిటికంటే, రేకు మీద పిడికిలితో మూడు దెబ్బలు. ఒక మనిషి తన ప్రాణాన్ని నా చేతిలో పెట్టానని చెప్పే చప్పుడు అది. ఇన్నేళ్ళలో నా మీద మరెవరూ అంత నమ్మకం పెట్టలేదు.

రెండు చలికాలాల క్రితం రాస్ పోయాడు. చివరి వారంలో వెళ్ళాను. కళ్ళు మూసుకునే, “ప్రార్థన చెయ్యి, మేట్” అన్నాడు. ఆయన ఒక కన్ను తెరిచాడు. “ఇక్కడ కెమెరా లేదు. చిన్నదే కానియ్యి.”

“ప్రభువా, వెళ్ళనియ్యి” అన్నాను. రెండో వాక్యం చెప్పలేదు. ఆయన మంచం కమ్మీ మీద వేలితో తట్టాడు. ఒకటి. రెండు. మూడు.

కవరు

ఇప్పుడు మోరీన్ కవరు. అందులో ఆ పిన్ను ఉంది. తుప్పు గీకి, నూనె పట్టించి ఉంది. కొత్త ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ఒక చీటీ: ‘కారు సిద్ధమైంది. శనివారం. నేను మడిచాను. తీయాల్సినవాడివి నువ్వు.’

పాత మిత్రులు కొందరు కలిసి కారును బాగుచేశారట. రాస్ జ్ఞాపకార్థం ఒక్క పరుగు. ఆయన కూతురు జెన్ నడుపుతుంది. ఫోన్ చేశాను.

“మోరీన్, నాకు డెబ్బై ఆరేళ్ళు. చేతులు వణుకుతాయి.”

“నాకు ఎనభై ఒకటి. నా మోకాళ్ళు వంగవు. తివాచీ మీద పడుకుని మడిచాను.”

“రాస్ వద్దన్నాడు కదా, కారు మీద చెయ్యి వేయొద్దని.”

“రాస్ కారు అది. మడత నాది. పారాచూట్ మీద మాట ఎప్పుడూ నాదే.” “వస్తావా, రావా?”

“చెబుతాను” అన్నాను. పిరికివాణ్ణి.

మొన్న షారోన్‌కు ఈ కాగితాలు ఇక్కడిదాకా చూపించాను. చదివి, కాగితాలు వరసగా సర్దింది. చివరికి, “నేను డ్రైవ్ చేసి తీసుకెళ్తాను అంకుల్” అంది. “కానీ నాకొకటి చెప్పండి. నేను బెల్టులు కట్టాక ప్రార్థన చేసుకోవచ్చా?”

ఈ ప్రశ్నకు జవాబు కోసమే ఇదంతా రాశానేమో. చేసుకో, తల్లీ. పిన్ను చేతిలోకి వచ్చాక చేసుకో. రెండు వాక్యాలు చాలు. మెలకువగా ఉండి ప్రార్థించమని ప్రభువు తన వారికి చెప్పినప్పుడు, మెలకువ అనే మాటను ముందు పెట్టాడు. నేను ఆ వరస తప్పాను.

మోరీన్‌కు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. “నాకు తెలుసులే” అనలేదు. “తొమ్మిదింటికల్లా ఉండు” అంది.

ఇది చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, నాతో కలిసి ప్రార్థన చేయండి. జెన్ కోసం, మోరీన్ చేతుల కోసం, వణికే నా చేతుల కోసం. ప్రభువా, వెళ్ళనియ్యి. తిరిగి రానియ్యి. మనమంతా కళ్ళు మూసుకుని ప్రార్థించేవాళ్ళమని నాకు తెలుసు. ఈ ఒక్కసారి మూయకండి. నా చేతి వైపు చూడండి. అందులో ఎర్ర రిబ్బను కనబడేదాకా ఆమేన్ అనకండి.